విస్తరి ఎవరు ఎత్తాలి? వెబ్ సర్వర్లలో సెషన్ల శుభ్రత, ఒక చిన్న చరిత్ర

పీహెచ్‌పీతో నడిచే సైట్లను చూసుకునేవాళ్ళకు బాగా తెలిసిన ఒక ఫిర్యాదు ఉంది. సర్వర్ లాగ్‌లో అది ఒక్క వరుసే. మన అక్షరాల్లో రాస్తే ఇలా ఉంటుంది: "పీఎస్ ఫైల్స్ క్లీనప్ డిర్: ఓపెన్ డిర్ ఫెయిల్డ్: పర్మిషన్ డినైడ్ (13)". దాన్ని మామూలు తెలుగులోకి మారిస్తే: "పాత సెషన్ ఫైళ్ళను ఊడ్చడానికి వెళ్ళాను. ఆ ఫోల్డర్ తెరిచి చూడడానికి నాకు అనుమతి లేదన్నారు."

ఈ ఫిర్యాదులో రెండు వింతలు ఉన్నాయి. మొదటిది, అది ప్రతిసారీ రాదు. వంద పేజీలు తెరిస్తే ఇంచుమించు ఒకసారి వస్తుంది. రెండోది, అది వచ్చినా సైట్ చక్కగా నడుస్తూనే ఉంటుంది. లాగిన్ అవుతుంది, పేజీలు వస్తాయి. అందుకని చాలామంది దాన్ని పట్టించుకోరు. ఇంకొందరు విసిగిపోయి ఆ ఫోల్డర్‌ను అందరికీ తెరిచేస్తారు. ఫిర్యాదు ఆగిపోతుంది. కానీ ఆ రోజు నుంచి ఆ సర్వర్‌లో ఉన్న ప్రతి ఒక్కరి లాగిన్‌కూ ప్రమాదం మొదలవుతుంది.

ఎందుకో తెలియాలంటే కొంచెం చరిత్ర చదవాలి. ఈ చరిత్రలో నాకు కనిపించిన అసలు సంగతి ముందే చెప్తాను. ఒక చోట వస్తువు పెట్టే హక్కు ఒకటి. అక్కడ ఏమేం ఉన్నాయో చూసే హక్కు ఇంకొకటి. పాతవి తీసేసే హక్కు మూడోది. ఈ మూడూ వేర్వేరు. ఇవి ఒకటే అనుకున్న ప్రతి చోటా గొడవ వచ్చింది.

ముందు కొన్ని మాటలు

ఇంగ్లీషులో క్లీనప్ అనే మాట ఒక్కటే. తెలుగులో చాలా క్రియలు ఉన్నాయి. చీపురుతో నేలను ఊడుస్తాం. తడిగుడ్డతో బల్లను తుడుస్తాం. నీళ్ళతో గిన్నెలు కడుగుతాం. చెల్లాచెదురుగా ఉన్న పుస్తకాలను సర్దుతాం. పెళ్ళి భోజనాల్లో అందరూ తిని లేచాక విస్తళ్ళు ఎత్తుతాం.

సెషన్ల శుభ్రతకు వీటిలో ఏ మాట సరిపోతుంది? పని తీరు చూస్తే "ఊడ్చడం" లాగా ఉంటుంది. కానీ నాకు "విస్తరి ఎత్తడం" ఇంకా బాగా సరిపోతుందనిపిస్తుంది. నేల మీద ఉన్న చెత్త ఎవరిదో మనం అడగం. విస్తరి మాత్రం ఒక మనిషిది. ఆ మనిషి లేచాడా, ఇంకా తింటున్నాడా అని చూసి ఎత్తాలి. సెషన్ ఫైలు కూడా అలాగే ఒక మనిషిది.

మతిమరుపు ఉన్న వెబ్

టిమ్ బెర్నర్స్ లీ సెర్న్‌లో తయారుచేసిన వెబ్ 1991 నాటికి బయటి ప్రపంచానికి తెలిసింది. దాని భాష పేరు హెచ్‌టీటీపీ. ఆ భాషకు జ్ఞాపకం లేదు. బ్రౌజర్ ఒక పేజీ అడుగుతుంది, సర్వర్ ఇస్తుంది, అంతే. మరుక్షణం అదే మనిషి ఇంకో పేజీ అడిగితే సర్వర్‌కు అతను కొత్తవాడే. కేవలం వ్యాసాలు చదువుకోవడానికి అది సరిపోయింది. దుకాణం పెట్టాలంటే సరిపోదు. బుట్టలో బియ్యం వేసి పప్పు వైపు తిరిగేసరికి బుట్ట మాయమైతే ఎలా?

1994లో నెట్‌స్కేప్ కంపెనీలో లూ మాంటుల్లి దీనికి ఒక దారి చూపించాడు. సర్వర్ ఒక చిన్న చీటీ ఇస్తుంది. బ్రౌజర్ దాన్ని దాచుకుని, వచ్చిన ప్రతిసారీ తిరిగి చూపిస్తుంది. ఆ చీటీకి కుకీ అని పేరు పెట్టాడు. యూనిక్స్ ప్రపంచంలో "మ్యాజిక్ కుకీ" అనే మాట అప్పటికే ఉంది. పేరు అక్కడి నుంచి వచ్చింది.

చీటీలో అన్ని వివరాలూ రాయడం మంచిది కాదు. మనిషి దాన్ని మార్చేయగలడు. అందుకని చీటీ మీద ఒక పొడుగాటి నంబరు మాత్రమే రాస్తారు. వివరాలు సర్వర్ దగ్గర, ఆ నంబరు కింద ఉంటాయి. గుడి దగ్గర చెప్పుల స్టాండు గుర్తుంది కదా? చెప్పులు వాళ్ళ దగ్గర, టోకెన్ మన దగ్గర. సర్వర్ దగ్గర దాచిన ఆ మూటనే సెషన్ అంటారు. టోకెన్ నంబరును సెషన్ ఐడీ అంటారు.

ఈ పోలికలో ఒక భయం కూడా ఉంది. స్టాండు అతను మీ ముఖం చూడడు, టోకెన్ మాత్రమే చూస్తాడు. ఎవరు ఆ నంబరు చూపిస్తే వాళ్ళకే చెప్పులు ఇస్తాడు. సెషన్ ఐడీ ఇంకొకరి చేతికి చిక్కితే పాస్‌వర్డ్ తెలియకుండానే వాళ్ళు మీరుగా చలామణి అవుతారు. ఈ సంగతి గుర్తుంచుకోండి. తర్వాత అవసరం అవుతుంది.

పీహెచ్‌పీ వేసిన లాటరీ

రాస్మస్ లెర్డార్ఫ్ 1995 జూన్ 8న తన సొంత పేజీ కోసం రాసుకున్న పనిముట్లను అందరికీ ఇచ్చాడు. అదే పీహెచ్‌పీ పుట్టుక. 1998లో వచ్చిన మూడో వెర్షన్‌ను ఆండీ గుట్‌మన్స్, జీవ్ సురాస్కీ తిరగరాశారు. అప్పటికి సెషన్లు భాషలో భాగం కావు. పీహెచ్‌పీలిబ్ అనే బయటి లైబ్రరీ ఆ పని చేసేది. 2000 మే 22న పీహెచ్‌పీ 4 వచ్చింది. అప్పటి నుంచి సెషన్లు భాషలోనే ఉన్నాయి.

పీహెచ్‌పీ ఎంచుకున్న పద్ధతి చాలా సాదా. ఒక్కో సెషన్‌కు ఒక్కో ఫైలు. ఫైలు పేరు "సెస్" అనే ముక్క, ఒక అండర్‌స్కోర్, దాని వెనక సెషన్ ఐడీ. మామూలుగా ఆ ఫైళ్ళన్నీ టెంప్ అనే ఫోల్డర్‌లో పడతాయి. సెషన్ గడువు 1440 సెకన్లు, అంటే 24 నిమిషాలు. ఒక రోజులో 1440 నిమిషాలు ఉంటాయి కాబట్టి ఈ అంకె గుర్తుపెట్టుకోవడం సులువు. మనిషి కొత్త పేజీ తెరిచిన ప్రతిసారీ ఫైలు తేదీ తాజా అవుతుంది. 24 నిమిషాలు కదలిక లేకపోతే ఆ ఫైలు పాతది, తీసేయవచ్చు.

మరి ఎవరు తీస్తారు? ఇక్కడే చిక్కు ఉంది. పీహెచ్‌పీ అప్పట్లో ఇంట్లో కాపురం ఉండే మనిషి కాదు. పేజీ అడిగితే లేస్తుంది, పేజీ ఇచ్చి పడుకుంటుంది. పేజీకీ పేజీకీ మధ్య గడియారం చూసుకుంటూ కూర్చునేవాళ్ళు ఎవరూ లేరు. అందుకని ఒక లాటరీ పెట్టారు. సెషన్ మొదలుపెట్టే ప్రతి పేజీ ఒక చీటీ తీస్తుంది. వందలో ఒకరికి "ఈసారి ఊడ్చే వంతు నీది" అని వస్తుంది. ఆ పేజీ ఫోల్డర్ తెరిచి, అన్ని ఫైళ్ళనూ చూసి, గడువు దాటినవాటిని తీసేసి, అప్పుడు తన పని చేసుకుంటుంది. దీనికి గార్బేజ్ కలెక్షన్ అని పేరు. జాన్ మెకార్తీ 1960 ప్రాంతంలో లిస్ప్ భాష కోసం కనిపెట్టిన పద్ధతి పేరు అది. అక్కడ జ్ఞాపకశక్తిని శుభ్రం చేసేది, ఇక్కడ ఫైళ్ళను.

మొదట చెప్పిన ఫిర్యాదు వందలో ఒకసారే ఎందుకు వస్తుందో ఇప్పుడు తెలిసింది కదా. అది లాటరీ తగిలినవాడి ఫిర్యాదు.

ఈ లాటరీకి ఒక లోపం ఉంది. రోజుకు పది మంది వచ్చే చిన్న సైట్‌లో చీటీ తగలడానికి ఎన్ని రోజులైనా పట్టవచ్చు. అంతవరకు పాత సెషన్లు అలాగే ఉంటాయి. క్షణానికి వంద మంది వచ్చే సైట్‌లోనేమో ఇంచుమించు క్షణానికోసారి ఊడుస్తూనే ఉంటారు.

బూన్ లేలో బల్ల పట్టుకోవడం

ఇక్కడ బూన్ లే ప్లేస్ ఫుడ్ విలేజ్‌లో మధ్యాహ్నం పూట బల్ల దొరకడం కష్టం. సింగపూర్ అలవాటు మీకు తెలుసు. ముందు బల్ల మీద ఒక టిష్యూ ప్యాకెట్ పెట్టి, తర్వాత నాసి లెమాక్ వరుసలో నిలబడతారు. దాన్ని "చోప్" చేయడం అంటారు. ఆ ప్యాకెట్ ఉన్నంతసేపు బల్ల ఆ మనిషిని గుర్తుపెట్టుకుంటుంది. అది కూడా ఒక సెషనే.

ప్యాకెట్ పెట్టిన మనిషి మనసు మార్చుకుని ఇంటికి వెళ్ళిపోతే? ఎంతసేపు ఆగాలి? ఎవరు తీయాలి? తిన్నవాళ్ళు వదిలేసిన పళ్ళేల సంగతి కూడా ఇలాంటిదే. చాలా ఏళ్ళు ఆ పని శుభ్రం చేసే ఆంటీలు, అంకుళ్ళదే అనుకున్నారు. 2021 సెప్టెంబర్ 1 నుంచి హాకర్ సెంటర్లలో తిన్నవాళ్ళే తమ పళ్ళెం తీసుకెళ్ళి పెట్టాలనే నియమాన్ని గట్టిగా అమలు చేస్తున్నారు.

అంటే రెండు పద్ధతులు ఉన్నాయి. వచ్చినవాళ్ళ చేతే శుభ్రం చేయించడం ఒకటి, దానికోసం వేరే మనిషిని పెట్టడం ఇంకొకటి. పీహెచ్‌పీ మొదటి పద్ధతి ఎంచుకుంది. ఇప్పుడు రెండో పద్ధతి ఎంచుకున్నవాళ్ళ దగ్గరికి వెళ్దాం. కానీ దానికి ముందు యూనిక్స్ అనుమతుల గురించి కొంచెం తెలియాలి.

చదవడం, రాయడం, దాటడం

యూనిక్స్ 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ చేతుల్లో మొదలైంది. అందులో ప్రతి ఫైలుకూ మూడు అనుమతులు: చదవడం, రాయడం, నడపడం. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. కూడితే 7. ఈ అంకెలను మూడు సార్లు రాస్తారు. మొదటిది యజమానికి, రెండోది యజమాని గుంపుకు, మూడోది మిగిలిన లోకానికి.

ఫైళ్ళ విషయంలో ఈ క్రియల అర్థం తెలిసిందే. ఫోల్డర్ల విషయంలో మాత్రం అర్థం మారుతుంది. ఇక్కడ చాలామంది తడబడతారు. ఫోల్డర్‌ను "చదవడం" అంటే లోపల ఏ పేర్లు ఉన్నాయో జాబితా చూడడం. "రాయడం" అంటే లోపల కొత్త ఫైలు పెట్టడం, ఉన్నది తీసేయడం. "నడపడం" అంటే గడప దాటడం, అంటే పేరు తెలిసిన ఫైలు దగ్గరికి చేరడం. రాయడం పనిచేయాలన్నా గడప దాటాల్సిందే.

ఇందులో ఒక ముఖ్యమైన సంగతి దాగి ఉంది. చదివే అనుమతి లేకుండా మిగిలిన రెండూ ఇస్తే ఏమవుతుంది? ఆ ఫోల్డర్ దీపం లేని గది లాంటిది. మీరు లోపలికి వెళ్ళి మీ పెట్టె పెట్టి రావచ్చు. మీ పెట్టె పేరు మీకు తెలుసు కాబట్టి మళ్ళీ వెళ్ళి తెచ్చుకోవచ్చు. పక్కన ఎవరి పెట్టెలు ఉన్నాయో మాత్రం కనబడదు.

ఇంకో చిన్న గుర్తు కూడా ఉంది. దాని పేరు స్టికీ బిట్. 1974 నాటి యూనిక్స్‌లో అది వేరే పని కోసం పుట్టింది. తరచుగా వాడే ప్రోగ్రామును స్వాప్ స్థలంలో అట్టే ఉంచడానికి వాడేవాళ్ళు. 1986లో 4.3బీఎస్‌డీ దానికి కొత్త అర్థం ఇచ్చింది. ఫోల్డర్ మీద ఈ గుర్తు ఉంటే, ఒక ఫైలును దాని యజమాని, ఆ ఫోల్డర్ యజమాని, లేదా రూట్ మాత్రమే తీసేయగలరు. టెంప్ ఫోల్డర్ అనుమతి 1777. ముందున్న ఆ 1 స్టికీ బిట్. అందరూ పెట్టవచ్చు, అందరూ చూడవచ్చు, కానీ ఎవరిది వాళ్ళే తీయాలి.

టెంప్‌లో అందరూ చూడవచ్చు. మరి పీహెచ్‌పీ సెషన్ ఫైలు పేరులో ఏముంది? టోకెన్ నంబరు! ఫైలు లోపలి మాటలు చదవనవసరం లేదు. జాబితా చూస్తే చాలు, అందరి టోకెన్లూ దొరికినట్టే. ఒకే సర్వర్‌ను వందమంది అద్దెకు తీసుకునే రోజుల్లో ఇది ఊహ కాదు. పక్క అద్దెదారు రెండు వరుసల ప్రోగ్రాము రాస్తే మీ సైట్‌లో లాగిన్ అయి ఉన్నవాళ్ళ నంబర్లన్నీ అతని ముందు ఉంటాయి. పీహెచ్‌పీ మాన్యువల్ కూడా ఈ ప్రమాదం గురించి హెచ్చరిస్తుంది.

డెబియన్ చీకటి గది

డెబియన్ అనే లినక్స్ పంపిణీని 1993లో ఇయాన్ మర్డాక్ ప్రకటించాడు. పీహెచ్‌పీ 4, 5 కాలంలో డెబియన్ ప్యాకేజీ తయారుచేసేవాళ్ళు ఈ ప్రమాదానికి ఒక మందు వేశారు. సెషన్లను టెంప్ నుంచి తీసి వాటికే ఒక ప్రత్యేక ఫోల్డర్ ఇచ్చారు. దాని యజమాని రూట్. దాని అనుమతి 1733.

ఈ అంకెను కలిసి చదువుదాం. 1 అంటే స్టికీ బిట్. 7 అంటే రూట్‌కు అన్నీ. 3 అంటే 2, 1 కలిపి: రాయడం, దాటడం. 4 లేదు కాబట్టి చదవడం లేదు. అదే చీకటి గది. వెబ్ సర్వర్ తరఫున నడిచే యూజర్ లోపల ఫైలు పెట్టగలడు, పేరు తెలిస్తే తిరిగి తెరవగలడు. జాబితా మాత్రం చూడలేడు. పక్క అద్దెదారు కూడా చూడలేడు.

దీని ఫలితం ఒకటి ఉంది. లాటరీ తగిలిన పేజీ కూడా జాబితా చూడలేదు. ఏ ఫైళ్ళు ఉన్నాయో తెలియకపోతే ఏది పాతదో ఎలా తెలుస్తుంది? కాబట్టి డెబియన్ లాటరీని పూర్తిగా ఆపేసింది. వందలో ఒకటి అన్న చోట సున్నా పెట్టింది. బదులుగా వేరే మనిషిని పెట్టింది. ఆ మనిషి పేరు క్రాన్. క్రాన్ 1979 నాటి ఏడో వెర్షన్ యూనిక్స్‌లోనే ఉంది. చెప్పిన వేళకు చెప్పిన పని చేయడం దాని ఉద్యోగం. డెబియన్‌లో ప్రతి గంటకూ 9వ నిమిషంలో ఒకసారి, 39వ నిమిషంలో ఒకసారి అది రూట్ హక్కుతో లోపలికి వెళ్తుంది. గడువు ఎంతో పీహెచ్‌పీ సెట్టింగుల ఫైళ్ళలో చూస్తుంది. ఒక్కో చోట ఒక్కో గడువు ఉంటే అన్నిటికన్నా పెద్దది తీసుకుంటుంది. గడువు దాటిన ఫైళ్ళను తీసేస్తుంది.

ఇంకా తింటున్నవాళ్ళ విస్తరి ఎత్తకూడదు కదా. ఆ జాగ్రత్త కూడా తీసుకున్నారు. పీహెచ్‌పీ 5 రోజుల్లో ఈ పని చేసే ఆదేశం ప్రతి ఫైలునూ ఎవరైనా తెరిచి ఉంచారేమో అడిగి చూసి, అప్పుడే తీసేది. తర్వాత వచ్చిన స్క్రిప్టు తెరిచి ఉన్న ఫైళ్ళను ముందే గుర్తించి వాటి తేదీని తాజా చేస్తుంది, ఆ తర్వాత పాతవాటిని తీస్తుంది.

పెట్టే హక్కు అందరికీ. చూసే హక్కు, పాతవి తీసే బాధ్యత రూట్‌కు. మూడు హక్కులను ఇంత చక్కగా విడదీసిన ఏర్పాటు ఇది.

గొడవ ఎక్కడ మొదలైంది

పీహెచ్‌పీలో ఒక ప్రోగ్రాము తన సెట్టింగులను తానే మార్చుకోవచ్చు. ప్రోగ్రాములు రాసేవాళ్ళకు డెబియన్‌లో క్రాన్ ఉందని తెలియకపోవచ్చు. తెలిసినా వాళ్ళకు వేరే కారణం ఉండవచ్చు.

ద్రూపల్ సంగతి చూడండి. ద్రూపల్ సెషన్లను ఫైళ్ళలో పెట్టదు, తన డేటాబేస్‌లో దాచుకుంటుంది. క్రాన్ చీపురు అక్కడికి చేరదు. తన ఇల్లు తానే ఊడ్చుకోవాలి. డెబియన్ లాటరీని ఆపేసింది కాబట్టి ద్రూపల్ దాన్ని మళ్ళీ మొదలుపెట్టాలి. అందుకే దాని నమూనా సెట్టింగుల ఫైలులో డెబియన్ పేరు చెప్పి మరీ, వందలో ఒకటి అని తిరిగి రాశారు. వాళ్ళ వైపు నుంచి చూస్తే అది సరైన పనే.

కానీ ఫైళ్ళనే వాడే ప్రోగ్రాము అదే పని చేస్తే? సున్నాను ఒకటి చేస్తుంది. లాటరీ మొదలవుతుంది. తగిలినవాడు చీకటి గది దగ్గరికి వెళ్తాడు. జాబితా అడుగుతాడు. యూనిక్స్ 13 అనే అంకె ఇస్తుంది, అంటే అనుమతి లేదని. పీహెచ్‌పీ ఒక చిన్న నోటీసు రాసి ముందుకు పోతుంది. శుభ్రత ఆగలేదు, ఎందుకంటే క్రాన్ తన పని తాను చేస్తూనే ఉంది. సైట్ ఎందుకు చక్కగా నడుస్తుందో ఇప్పుడు తెలిసింది కదా.

ఎప్పుడూ ఇంత తేలిగ్గా పోదు. కొన్ని ఫ్రేమ్‌వర్కులు ప్రతి నోటీసునూ పెద్ద తప్పుగా మారుస్తాయి. అప్పుడు వందలో ఒక మనిషికి పేజీ బదులు తప్పు సందేశం వస్తుంది. అతను మళ్ళీ నొక్కితే పేజీ వచ్చేస్తుంది. ఇలా వచ్చి పోయే జబ్బును పట్టుకోవడం చాలా కష్టం.

ఇంకో మూడు చిక్కులు

మొదటిది గడువు గొడవ. ఒకరు తన ప్రోగ్రాములో "నా వాళ్ళు ఎనిమిది గంటలు లాగిన్‌లో ఉండాలి" అని రాశారనుకుందాం. క్రాన్ ప్రోగ్రాముల లోపల చదవదు, సెట్టింగుల ఫైళ్ళు మాత్రమే చదువుతుంది. అక్కడ 24 నిమిషాలని ఉంది. క్రాన్ అరగంటకోసారి వస్తుంది. కాబట్టి కదలిక ఆగిన 24వ నిమిషానికీ 54వ నిమిషానికీ మధ్య ఎప్పుడో ఆ ఫైలు పోతుంది. పొడుగాటి ఫారం నింపుతూ మధ్యలో ఫోన్ మాట్లాడి వచ్చిన మనిషి, మళ్ళీ లాగిన్ పేజీ చూసి తల పట్టుకుంటాడు.

రెండోది దారి గొడవ. ఇంకొకరు తన ప్రోగ్రాములో సెషన్లకు సొంత ఫోల్డర్ పెట్టుకున్నారు. మంచిదే. కానీ లాటరీ సున్నాలోనే ఉంది, ఆ ఫోల్డర్ క్రాన్‌కు తెలియదు. ఇప్పుడు ఊడ్చేవాళ్ళు ఎవరూ లేరు. ఫైళ్ళు చిన్నవే, కానీ లక్షల్లో పెరుగుతాయి. ఎక్స్‌ట్ 4 లాంటి ఫైల్ సిస్టంలో ఫైళ్ళకు ఇచ్చే ఐనోడ్లు లెక్కగా ఉంటాయి. డిస్కును సిద్ధం చేసిన రోజే ఆ లెక్క తేలిపోతుంది. అవి అయిపోతే, డిస్కులో బోలెడు ఖాళీ ఉన్నా "స్థలం లేదు" అని వస్తుంది.

మూడోది రెడ్ హ్యాట్ కుటుంబంలో కనిపిస్తుంది. అక్కడ సెషన్ ఫోల్డర్ యజమాని రూట్, గుంపు అపాచీ, అనుమతి 770. గుంపులో ఉన్నవాళ్ళు చూడవచ్చు, పెట్టవచ్చు, తీయవచ్చు. బయటివాళ్ళకు గడప దాటే హక్కు కూడా లేదు. అపాచీ ఒక్కటే ఉన్న రోజుల్లో ఇది హాయిగా నడిచింది. తర్వాత ఇగోర్ సిసోయేవ్ 2004లో విడుదల చేసిన ఎన్‌జిన్‌ఎక్స్ వాడకం పెరిగింది. దానితో పాటు పీహెచ్‌పీ ఎఫ్‌పీఎం వచ్చింది. 2010లో 5.3.3 వెర్షన్‌తో అది పీహెచ్‌పీలో భాగం అయింది. ఎఫ్‌పీఎంను వేరే యూజర్ పేరుతో నడిపితే ఆ యూజర్ అపాచీ గుంపులో ఉండడు. ఈసారి వందలో ఒకరికి కాదు, అందరికీ సెషన్ ఆగిపోతుంది. ఫోల్డర్ యజమానిని చేత్తో మారిస్తే పనిచేస్తుంది. కానీ పీహెచ్‌పీ ప్యాకేజీ కొత్త వెర్షన్ వేసినప్పుడు ఆ మార్పు మళ్ళీ మొదటికి రావచ్చు.

777 ఎందుకు వద్దు

ఈ చిక్కులన్నిటికీ చాలామంది చెప్పే ఒకే మందు: ఫోల్డర్‌కు 777 పెట్టేయండి. అంకెను మళ్ళీ చదవండి. ముందున్న 1 పోయింది, కాబట్టి ఎవరి ఫైలునైనా ఎవరైనా తీసేయవచ్చు. 3 బదులు 7 వచ్చింది, కాబట్టి 4 కూడా వచ్చింది, అంటే చదవడం. చీకటి గదిలో దీపం పెట్టి తలుపు తీసేశాం. ఫిర్యాదు ఆగింది నిజమే. ఆ ఫిర్యాదు నిజానికి తాళం సరిగ్గా పనిచేస్తోందని చెప్పే శబ్దం. మనం తాళాన్నే పీకేశాం.

సరైన మందు ఒక ప్రశ్నతో మొదలవుతుంది: ఇక్కడ విస్తరి ఎత్తేది ఎవరు? జవాబు ఒక్కరే అయి ఉండాలి.

ఉమ్మడి ఫోల్డర్ వాడితే లాటరీని సున్నాలోనే ఉంచాలి. ఎక్కువ గడువు కావాలంటే ప్రోగ్రాములో కాకుండా క్రాన్ చదివే సెట్టింగుల ఫైలులో రాయాలి. సొంత ఫోల్డర్ కావాలంటే దాని యజమానిగా సైట్‌ను నడిపే యూజర్‌నే పెట్టి, 700 అనుమతి ఇవ్వాలి. ఒక్కో సైట్ ఒక్కో యూజర్‌గా నడిచే చోట ఆ గదిలో అద్దెదారు ఒక్కరే, కాబట్టి అక్కడ లాటరీ మళ్ళీ మొదలుపెట్టినా ఫరవాలేదు. 7.1 వెర్షన్ నుంచి పీహెచ్‌పీలో సెషన్ జీసీ అనే ఫంక్షన్ కూడా ఉంది. ఆ యూజర్ పేరుతోనే క్రాన్ నుంచి దాన్ని పిలిస్తే లాటరీ అవసరమే ఉండదు. సందర్శకులు ఎవరూ చీపురు పట్టరు.

ఇప్పుడు

పీహెచ్‌పీ 7తో డెబియన్ ఫోల్డర్ పేరు కొంచెం మారింది. సిస్టమ్‌డీ ఉన్న చోట క్రాన్ బదులు దాని టైమర్ ఆ పని చేస్తుంది. చీకటి గది మాత్రం అలాగే ఉంది. కంటైనర్లు వాడేవాళ్ళకు ఒక్కో సైట్‌కు ఒక్కో చిన్న ఇల్లు దొరికింది. పక్క అద్దెదారు లేడు కాబట్టి ఆ పాత భయం తగ్గింది.

పెద్ద సైట్లు ఫోల్డర్‌నే వదిలేశాయి. 2003 డిసెంబర్‌లో మొదలైన తెలుగు వికీపీడియా కూడా పీహెచ్‌పీలో రాసిన మీడియావికీ మీదే నడుస్తుంది. అక్కడ మీ పేజీని ఒకసారి ఒక యంత్రం, ఇంకోసారి ఇంకో యంత్రం ఇవ్వవచ్చు. ఒక యంత్రం ఫోల్డర్‌లో సెషన్ పెడితే రెండో యంత్రానికి మీరు కొత్తవారే. అందుకని సెషన్లను అన్ని యంత్రాలూ అడగగలిగే వేరే నిల్వలో పెడతారు. రెడిస్, మెమ్‌క్యాష్‌డ్ లాంటి నిల్వల్లో వస్తువు పెట్టేటప్పుడే గడువు కూడా చెప్పవచ్చు. గడువు అయ్యాక అడిగితే అది ఇక లేదంటుంది. ఊడ్చేవాళ్ళను వేరే పెట్టనక్కర్లేదు.

చిన్న సైట్లు మాత్రం ఇంకా ఫోల్డర్లతోనే బతుకుతున్నాయి. మన సంఘాల సైట్లు, వారాంతపు తెలుగు బడుల సైట్లు ఎక్కువగా ఇలాంటి అద్దె సర్వర్లలోనే ఉంటాయి. వాటిని చూసుకునేది తీరిక వేళల్లో పనిచేసే ఎవరో ఒక అన్నయ్యో, అక్కో. వాళ్ళకు లాగ్‌లో 13 కనిపిస్తే, అనుమతి అంకెలు మార్చే ముందు ఆ ఫోల్డర్‌లో ఎవరు పెడుతున్నారో, ఎవరు చూడగలరో, ఎవరు తీస్తున్నారో మూడు వరుసల్లో రాసుకుంటే చాలు. మూడో వరుసలో రెండు పేర్లు వస్తే ఒకటి కొట్టేయాలి. ఒక్క పేరూ రాకపోతే ఒకరిని పెట్టాలి.